అక్క నిద్రలో అన్న మాట

నేను అబద్ధం ఆడిన రోజున నా ఎదురుగా పదకొండుమంది శాస్త్రవేత్తలు కూర్చుని ఉన్నారు. అందరూ నమ్మారు. ఇరవై ఏళ్లుగా నేను చెప్పిన ఏ నిజాన్నీ వాళ్లు అంత తేలిగ్గా నమ్మలేదు.

ఆ అబద్ధం గురించి చెప్పాలంటే ముందు గొంతుపట్టీ గురించి చెప్పాలి. విశాఖపట్నంలో మా నిద్ర పరిశోధనశాలకి జనం మధ్యాహ్నం పూట వస్తారు. భోంచేసి వచ్చి చల్లటి గదిలో పడుకుంటారు. వాళ్ల గొంతు మీద, గడ్డం కింద ఒక మెత్తటి పట్టీ అతికిస్తాం. నిద్ర పట్టేటప్పుడూ, కల వచ్చేటప్పుడూ మనిషి పెదవి దాటని మాటలు బోలెడు అంటాడు. నాలుక రవ్వంత కదులుతుంది, గొంతులో కండరం వెంట్రుకవాసి బిగుస్తుంది, చప్పుడు మాత్రం ఉండదు. పైకి వినబడితే దాన్ని కలవరింత అంటాం. వినబడనిది అంతకు వందరెట్లు ఉంటుంది. ఆ కదలికను పట్టుకుని, దానికి గొంతు ఇచ్చి, పక్కనున్న స్పీకరులో వినిపించడమే పట్టీ పని.

ఎందుకిదంతా అంటే ఎల్లాజీ లాంటివాళ్ల కోసం. ఎల్లాజీ భీమిలి రేవులో చేపల వేలం పాడేవాడు. అతని కేక పడవల మీదికి కూడా వినబడేదట. యాభై రెండో ఏట పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మెలకువగా ఉన్నప్పుడు నోరు తెరిస్తే మెడనరాలు ఉబ్బుతాయి, చెమటలు పడతాయి, ఒక్క అక్షరం రాదు. తల ఊపడం కూడా అంతే. అన్నం తిన్నావా అంటే ఊపుతాడు, తినలేదా అన్నా ఊపుతాడు. కానీ నిద్రపట్టగానే ఆ పెనుగులాట ఆగిపోతుంది. నాలుక దాని దారిన అది కదులుతుంది.

మొదటి మధ్యాహ్నం స్పీకరులోంచి వచ్చింది వంజరం చేపల బుట్ట మీద వేలంపాట. అతని భార్య నూకరత్నం మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, నవ్వుతోందో ఏడుస్తోందో తెలీకుండా ఊగిపోయింది. మా జూనియర్ హైమ కంప్యూటరు ముందు కూర్చుని నా వైపు చూసి బొటనవేలు పైకెత్తింది.

నెల రోజుల తర్వాత ఒకనాడు ఆ స్పీకరు వేరే మాట అంది.

"ఒలే రత్నం. నువ్వన్నదానికి కాదే. బీపీ బిళ్ళలు నానే మానేసినాను. నీకు సెప్పలేదు."

నూకరత్నం లేచి నిలబడింది. మళ్లీ కూర్చుంది. వెళ్లేటప్పుడు హైమ చెయ్యి పట్టుకుని చెప్పింది. పక్షవాతం వచ్చిన రోజు పొద్దున్న మొగుడూ పెళ్లాలు దెబ్బలాడుకున్నారు. అతను గట్టిగా అరిచాడు. ఆమెకి ఒళ్లు మండి, "నీ నోరు పడిపోను!" అని తిట్టింది. మధ్యాహ్నానికి అతని నోరు నిజంగానే పడిపోయింది. మూడేళ్లుగా ఆమె ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు. అతనికి అన్నం తినిపిస్తున్నంతసేపూ ఆ నోటి వైపు చూడలేకపోయేది.

"ఇయ్యాల నా మొగుడు నన్నొగ్గేసినాడమ్మా," అంది హైమతో. వదిలిపెట్టాడు, అంటే క్షమించాడని.

కలలకి అర్థాలు వెతకవద్దని నేను ప్రతి రోగికీ ముందే చెబుతాను. కలలో అన్నది నిజమని పట్టీ హామీ ఇవ్వదు. ఆ మాట అన్నది ఆ మనిషే అని మాత్రం హామీ ఇస్తుంది. నా పరిశోధన మొత్తం ఆ ఒక్క వాక్యం మీద నిలబడి ఉంది. నూకరత్నానికి కూడా అదే చెప్పాను. ఆమెకి అంతకన్నా అక్కర్లేకపోయింది.

*

ఇప్పుడు మా అక్క గురించి చెప్పాలి. దీన్ని వాయిదా వేద్దామనే ఇంతసేపూ పరిశోధన కబుర్లు చెప్పాను.

మా అక్క పేరు వరహాలమ్మ. నాకంటే పదకొండేళ్లు పెద్దది. అమ్మానాన్నా ఏడాది తేడాలో పోతే, అక్క విజయనగరంలో ఒక స్టూడెంట్స్ మెస్సులో వంటకి కుదిరింది. పద్నాలుగేళ్లు అక్కడే వండింది. ఆ అన్నం తినే నేను చదువుకున్నాను. పెళ్లి మాట ఎత్తితే "వీడి చదువు కానీ" అనేది. నా చదువు అయ్యేసరికి ఎవరూ ఆ మాట ఎత్తడం మానేశారు. నేనూ పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగం వచ్చాక అక్కని తెచ్చి నా దగ్గర పెట్టుకున్నానని అందరితో అంటూ ఉంటాను. నిజానికి అక్క వచ్చి నన్ను పెట్టుకుంది.

ఏడాది కిందట మా పరిశోధన చూడటానికి ఢిల్లీ నుంచి ప్రొఫెసర్ గోవర్ధనరావుగారు వచ్చారు. పెద్ద మనిషి. దేశంలో ఏ యంత్రాన్ని రోగుల మీద వాడాలన్నా ఆయన కమిటీ ఒప్పుకోవాలి. తెలుగు భోజనం చేసి చాలా కాలమైందన్నారని ఇంటికి పిలిచాను. అక్క పనసపొట్టు కూర చేసింది. ఆయన మూడుసార్లు వడ్డించుకుని, పెరుగు గిన్నెతో వంటింటి గుమ్మంలో నిలబడ్డ అక్కని చూశారు. వెలిసిపోయిన నేతచీర, చేతులకి పసుపు, చెమట.

"మీ వంటావిడ చేతిలో ఏదో ఉందండీ! చాలా కాలంగా ఉంటోందా?"

"చిన్నప్పట్నించీ ఉందండీ," అన్నాను, కంచంలోంచి తలెత్తకుండా.

ఎంత తెలివైన జవాబు! ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆయన విదేశాల్లో చదివిన తన కుటుంబం గురించి అప్పటిదాకా చెబుతూ ఉన్నారు. మెస్సులో వండిన అక్కని ఆయనకి చూపించడానికి నాకు సిగ్గేసింది. అంతే. ఇంతకంటే గొప్ప కారణం ఏదైనా ఉంటే బాగుండునని చాలాసార్లు వెతికాను, దొరకలేదు.

అక్క పెరుగు వడ్డించి లోపలికి వెళ్లింది. ఆ సంగతి అక్క ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అప్పట్నించి ఇంటికి ఎవరైనా వస్తే అక్క ముందుగదిలోకి రావడం మానేసింది. నన్ను "బాబుగారూ" అని పిలవడం మొదలుపెట్టింది, వచ్చినవాళ్లు వెళ్లేదాకా. నేను దాన్ని చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు బాగా అలవాటైంది.

*

కమిటీ వచ్చిన రోజున ఎల్లాజీని పడుకోబెట్టి చూపించాలని ఏర్పాటు. వాళ్లు ఒప్పుకుంటే నలభైమంది రోగులకి పట్టీలు ఇళ్లకే ఇవ్వొచ్చు. భీమిలి నుంచి రోజూ బస్సులో మొగుణ్ణి ఎక్కించి దించే బాధ నూకరత్నానికి తప్పుతుంది.

పదింటికి నూకరత్నం ఫోను చేసింది. ఎల్లాజీకి జ్వరం, రాలేరు. ఆ వెంటనే గోవర్ధనరావుగారు భుజం తట్టి, "మీ ఇంటి పనసపొట్టు కూర లేకుండా నేను సంతకం పెట్టనండోయ్!" అన్నారు. ఇంటికి ఫోను చేశాను. పన్నెండున్నరకి అక్క నాలుగు క్యారేజీలతో ఆటో దిగింది.

"అదిగో, మీ వంటావిడ!" అన్నారు ఆయన.

అక్క నా వైపు చూడకుండా ఆయనకి నమస్కారం పెట్టింది. అందరికీ వడ్డించి, తను వసారాలో ఒక బల్ల మీద కూర్చుని ఇంత తిని, కూర్చున్నచోటే కునుకుతోంది. తెల్లవారుజామున లేచి వండే మనిషికి భోజనం అయ్యాక నిద్ర ఆగదు.

"రోగి రాకపోతేనేం, ఆవిణ్ణి పడుకోబెట్టండి. నిద్రకి సిద్ధంగానే ఉంది," అన్నారు గోవర్ధనరావుగారు.

వద్దనడానికి ఒక్క సాకైనా తోచలేదు. వద్దంటే ఎందుకని అడుగుతారు. అక్కేమో ముచ్చటపడిపోయింది. "నేనా? ఆ చల్ల గదిలోనా?" అంది. నేను చేసిన యంత్రం తన గొంతు మీద పెడుతున్నారంటే చంటిపిల్లలా సంబరం. హైమ ఫారం నింపుతూ ఒక గడి దగ్గర ఆగింది. పరిశోధకుడితో సంబంధం. హైమ మా ఇంటికి వచ్చింది, అక్క చేతి అట్లు తింది, అక్క ఎవరో తనకి తెలుసు.

"ఏమీ లేదని రాయి," అన్నాను.

హైమ తలదించుకుని రాసింది. నేను అద్దాల గది బయట చేతులు కట్టుకుని హుందాగానే నిలబడ్డాను.

అక్క నాలుగు నిమిషాల్లో నిద్రపోయింది. పది నిమిషాలకి స్పీకరు పలికింది.

"ఆవఘాటు ఎక్కువైందేమో చూడండీ."

కమిటీ అంతా నవ్వింది. గోవర్ధనరావుగారు చప్పట్లు కొట్టారు. నాకూ ఊపిరి వచ్చింది. తర్వాత కాసేపు గొణుగుడు. మళ్లీ స్పష్టంగా:

"కూర్చోనండీ. నించునే ఉంటాను. వంటమనిషినండీ. డాక్టరుగారింట్లో వంటమనిషిని. లేదండీ, ఆయన నాకేమీ కాడండీ."

నవ్వులు ఆగిపోయాయి. ఆ తర్వాత గొంతు తగ్గించి, రహస్యంగా, పిల్లవాడితో మాట్లాడినట్టు అంది:

"నర్సింగూ, సరిగ్గా చెప్పానా? వాళ్లు వెళ్లిపోయారా? బయటికి రావచ్చా?"

అద్దం అవతల అక్క పెదవులు కదలనైనా కదలడం లేదు. ముఖం ప్రశాంతంగా ఉంది. గోవర్ధనరావుగారు నా కోటు మీద ఉన్న పేరు చూశారు. డాక్టర్ అప్పలనరసింహం.

"నర్సింగు ఎవరండీ?" అన్నారు.

ఆ క్షణంలో నేను యంత్రాన్నైనా వదులుకోవాలి, పరువునైనా వదులుకోవాలి. యంత్రం తప్పంటే ఎవరెవరికి ఏం పోతుందో నాకు తెలుసు. తెలిసే అన్నాను.

"క్షమించండి. ఇది యంత్రంలో ఉన్న లోపం. కదలిక సరిగ్గా అందనప్పుడు ఇది పాత రికార్డుల్లోంచి మాటలు తీసుకుని అల్లేస్తుంది. ఆవిడ అన్న మాటలు కావివి."

"అంటే సొంతంగా కల్పిస్తుందా?"

"అవునండీ."

"ఎంత మేరకు?"

"చెప్పలేం."

హైమ కుర్చీ వెనక్కి తోసుకుని లేచి బయటికి వెళ్లిపోయింది.

*

ఇంటికి వస్తూ ఆటోలో అక్క అడిగింది. "ఏమైనా వాగానా నిద్రలో?"

"ఏదో గొణిగావు. అర్థం కాలేదు."

"అమ్మయ్య," అంది అక్క, ఖాళీ క్యారేజీలు ఒళ్లో పెట్టుకుని. "నీ పరువు తీస్తానేమోనని భయపడ్డాన్రా."

నేను రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాను.

మూడు రోజులకి ఉత్తర్వు వచ్చింది. యంత్రం మాటలు కల్పిస్తున్నట్టు పరిశోధకుడే ఒప్పుకున్నందువల్ల రోగుల మీద వాడకం వెంటనే ఆపాలి. పట్టీలన్నీ బీరువాలో పెట్టి తాళం వేయాలి. రోగులకి ఫోన్లు చేసే పని హైమ మీద పడింది. నేను చేయమనలేదు, చేయొద్దనీ అనలేదు, నా గదిలో తలుపు వేసుకుని కూర్చున్నాను. ఏడాది పోయాక కొత్త పట్టీ చేసి, లోపం సరిదిద్దానని చెప్పి మళ్లీ చూపిస్తానని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. లేని లోపాన్ని ఎలా సరిదిద్దాలో కూడా ఆలోచించాను. మనిషి ఎంతకైనా దిగజారగలడు.

*

ఆదివారం మధ్యాహ్నం నేను నా గదిలో పేపరు చూస్తున్నాను. ఎవరో తలుపు కొట్టారు. అక్క వెళ్లి తీసింది.

"డాక్టరు బాబు ఇల్లు ఇదేనా అమ్మా? బీవిలి నుంచొచ్చినాను. నూకరత్నం అంటారు. మీరు ఆరికి ఏటవుతారమ్మా?"

అక్క ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"వంటమనిషినమ్మా. డాక్టరుగారింట్లో వంటమనిషిని. కూర్చో, కాఫీ తెస్తాను."

స్పీకరులో విన్న అవే మాటలు, అదే వరసలో. పూర్తి మెలకువలో, పట్టపగలు, సొంత ఇంటి గుమ్మంలో నిలబడి అంది. నిద్రలో మనిషి మీద ఆధిపత్యం ఎవరికీ ఉండదంటూ వ్యాసాలు రాసిన నేను మంచం మీద కూర్చుని అది విన్నాను. నా మీద నాకు అంత రోత ఎప్పుడూ పుట్టలేదు.

ముందుగదిలో నూకరత్నం అక్కకి తన గోడు చెప్పుకుంటోంది. దెబ్బలాట, తిట్టు, పక్షవాతం, మూడేళ్ల నరకం, స్పీకరులో వచ్చిన మాట. అక్క మధ్యమధ్య "అయ్యో తల్లీ" అంటోంది.

"ఆయన నన్నొగ్గేసినాడని ఈదిలో అందరికీ సెప్పుకున్నానమ్మా. నూకాలమ్మ తల్లికి సీర పెట్టినాను. ఇప్పుడేటి, మిషను కతలు అల్లేసిందంటన్నారు. మరి ఆయన అన్లేదా? నా మొగుడి నోరు మళ్లీ నానే పడగొట్టినట్టు అయిపోనాది."

నేను బయటికి వచ్చాను. నన్ను చూసి నూకరత్నం లేచింది.

"బాబూ, కమిటీ ఆరికి నువ్వే సెప్పినావంట కదా. నాకు పెద్ద సదువులు తెల్దు. ఆ మాట నా మొగుడన్నాడా, మిషను అల్లిందా? ఒక్క ముక్క సెప్పెయ్యి, ఎలిపోతాను."

"చెప్పర..." అని నోరు జారబోయి, నూకరత్నం వైపు చూసి, "చెప్పండి బాబుగారూ," అని సర్దుకుంది అక్క.

వాళ్లిద్దరి ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"మిషను ఏమీ అల్లదు," అన్నాను. "కమిటీ ముందు అబద్ధం చెప్పాను. ఎల్లాజీకి జ్వరం వచ్చిన రోజున ఈవిణ్ణి పడుకోబెట్టాం. ఈవిడ వంటమనిషి కాదు. మా అక్క. నన్ను పెంచిన మనిషి. ఒక పెద్దమనిషి ముందు నాకు సిగ్గేసి వంటమనిషి అనిపించాను. నిద్రలో అక్క ఆ మాటే అంది. వంటమనిషినండీ, ఆయన నాకేమీ కాడండీ అని. తర్వాత నన్ను పేరు పెట్టి పిలిచి, సరిగ్గా చెప్పానా అని అడిగింది. పదకొండుమంది విన్నారు. నా గుట్టు బయటపడుతుందని మిషను మీదికి తోసేశాను."

నూకరత్నం అక్కని చూసింది, నన్ను చూసింది. నా మాట నమ్మాలో వద్దో తేల్చుకుంటున్నట్టుంది. ఇలాంటిది తన మీద తానే ఎవడూ కల్పించుకుని చెప్పడని ఆమెకి తోచి ఉండాలి.

"అయితే ఆయనే అన్నాడు," అంది మెల్లగా.

"ఆయనే అన్నాడు."

"బీపీ బిళ్ళలు ఆయనే మానేసినాడు."

"మానేశాడో లేదో నాకు తెలీదమ్మా. ఆ మాట అన్నది మాత్రం ఆయనే."

"సాలు బాబూ," అంది. కొంగులో ముఖం దాచుకుని గట్టిగా ఏడ్చింది. ఏడుపు ఆగాక నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనిపించింది. ఆమెకి నాతో పని అయిపోయింది. కాఫీ అలాగే వదిలేసి చెప్పులు వేసుకుంది. "ఆయన లేచే ఏల అయింది, ఎలిపోవాల," అని, గుమ్మంలో ఆగి అక్క రెండు చేతులూ పట్టుకుంది.

"ఒస్తానప్పా."

అప్పా అంటే వాళ్ల వైపు అక్కా అని.

*

తలుపు వేసి అక్క కుర్చీలో కూర్చుంది. ముందుగదిలో అక్క కుర్చీలో కూర్చోవడం ఏడాదిలో అదే మొదలు.

"కమిటీకి ఇవాళే రాస్తానక్కా. నువ్వెవరో, నేనేం అన్నానో, అంతా రాస్తాను. ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. పట్టీలు వాళ్లకి ఇప్పిస్తాను."

"రాయి," అంది అక్క. "ముందు ఆ పిల్ల మొగుడికి ఇప్పించు." తర్వాత తలదించుకుని, "అంతమందీ విన్నార్రా? నర్సింగూ అని కూడా అన్నానా?" అంది. "నిద్రలోనైనా నోరు అదుపులో ఉండొద్దూ. నేను ఎంత జాగ్రత్తగా ఉన్నాను, నీకు మాట రాకూడదని."

ఆవిడ సిగ్గుపడుతోంది. నా తప్పుకి ఆవిడ సిగ్గుపడుతోంది.

"అక్కా, వద్దు. నువ్వేం తప్పు చెయ్యలేదు."

అక్క కాసేపు నూకరత్నం తాగని కాఫీ వైపు చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ఒకటి అడుగుతాను చెప్పు. ఆ రోజు భోజనాల దగ్గర ఆయనతో నువ్వన్న మాట నేను విన్నట్టు నీకెప్పుడు తెలిసింది? తర్వాత నేను బాబుగారూ అనడం మొదలుపెట్టాకనే కదా?"

ఊఁ అంటే సరిపోయేది. అక్క ఆ జవాబే కోరుకుంటోందని ఆ అడగడంలోనే తెలుస్తోంది. కానీ ఆ పూట ఇంక అబద్ధం ఆడనని అనుకున్నాను, అదేదో ఘనకార్యమైనట్టు.

"లేదక్కా. ఆ రోజే తెలుసు. నువ్వు గుమ్మంలో ఉన్నావని చూశాను. చూసే అన్నాను."



"నువ్వు నన్ను చూళ్లేదనుకున్నాన్రా," అంది అక్క. "చూసుంటే నా తమ్ముడు అలా అనడనుకున్నాను. ఈ ఏడాదంతా అదే అనుకుని సరిపెట్టుకున్నాను."

లేచి, చల్లారిపోయిన కాఫీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. నాకు వెనకాలే వెళ్లే ముఖం లేకపోయింది.